అడిగినవాడు, అడిగించుకొన్నవాడు

పెద్దలు చెప్పినదానికి ఎదురు చెప్పరాదని పిల్లలకు నేర్పుట ప్రతి కుటుంబమునందును గల ఆచారము. అందు తప్పేమియు లేదు. నిప్పును ముట్టరాదని తల్లి చెప్పినపుడు, అది కాలునో కాలదో చూచి తెలిసికొందునని బిడ్డ మొండికెత్తినచో చేయి కాలుటయే ఫలము. ముందు తరములవారి అనుభవమునకు విలువ యిచ్చుటచేతనే సంఘము నిలుచుచున్నది. కాని పెద్దరికము వేరు, అధికారము వేరు. పెద్దరికము అనుభవమునుండి పుట్టును. అధికారము పుట్టుకవలన గూడ కలుగవచ్చును, పదవివలన గలుగవచ్చును, ఖడ్గమువలన గలుగవచ్చును. అట్టి అధికారమును ఎవ్వరును ప్రశ్నింపకున్నచో సంఘము క్షేమముగా నుండునా? ప్రశ్నించినచో చెడునా, బాగుపడునా? ఈ సందేహమునకు కేవలము తర్కముచే సమాధానము దొరకదు. అడిగిన ఒక మహాపురుషుని జీవితమును, ఆయన అడిగినందువలన కలిగిన లాభనష్టములను కలిపి చూచినపుడే అది తేలగలదు.

నేటి కర్ణాటక రాష్ట్రమున విజయపుర జిల్లాలో బసవన బాగెవాడి యను పట్టణము కలదు. 12వ శతాబ్దమున అది బ్రాహ్మణుల అగ్రహారము. అచ్చట మాదిరాజు, మాదాంబ యను శైవ బ్రాహ్మణ దంపతులకు బసవేశ్వరుడు జన్మించెను. వైశాఖ శుద్ధ తదియనాడు, అనగా అక్షయతృతీయనాడు, బసవజయంతి జరుపుట సంప్రదాయము. ఆయన అక్క నాగాంబ. తమ్ముని బాల్యమునుండి తుదివరకు వెన్నంటి నిలిచిన స్త్రీమూర్తి ఆమె.

బసవేశ్వరుని తొలి ప్రశ్న తన ఇంటిలోనే పుట్టెను. పాలకురికి సోమనాథుని కావ్యమును బట్టి, ఉపనయనమునకు తండ్రి సన్నాహము చేయగా, శివభక్తి గలవానికి ఈ కర్మకాండతో పని యేమని బాలుడు వాదించి దానిని నిరాకరించెను. కన్నడకవి హరిహరుడు చెప్పిన కథ కొంచెము వేరు. అందు బసవన్న బాల్యముననే తల్లిదండ్రులను గోల్పోయి అవ్వ చేతిలో పెరిగెను. యజ్ఞోపవీతమును ధరించి, యౌవనము వచ్చిన పిదప దానిని తానే తీసివేసి ఇల్లు వెడలెను. అక్కకు లేని సంస్కారము తనకేల యని అడిగెనని జనశ్రుతియు కలదు. ఈ కథలు వివరములలో భేదించినను, పుట్టుకవలన తనకు లభించినదానిని ఆయన విడిచెనను విషయమున ఏకమగుచున్నవి.

ఇచ్చట కొంత ఆగి ఆలోచింపవలసి యున్నది. అగ్రహారమున పుట్టినవానికి ఆ నూలుపోగు ఒక హక్కుపత్రము వంటిది. దానివలన చదువు దొరకును, భూమి దొరకును, పంక్తిలో మొదటి విస్తరి దొరకును, రాజసభలో ఆసనము దొరకును. తనకు నష్టము కలిగించు నియమమును ప్రశ్నించుట ఎవ్వరికైనను సహజమే. బసవేశ్వరుడు తనకు లాభము కలిగించు నియమమునే మొదట ప్రశ్నించెను. అడిగి, ఆ లాభమును చేతబట్టుకొని ఇంటిలో కూర్చుండలేదు. కృష్ణా మలప్రభా నదులు కలియు కూడలసంగమమునకు పోయి, అచ్చట కొంతకాలము విద్యాభ్యాసమునందును, సంగమేశ్వరుని సేవయందును గడపెను. కావున ఆయన ప్రశ్న తెలియనివాని తిరుగుబాటని త్రోసివేయుట సాధ్యము గాదు. శాస్త్రములను చదివియే ఆయన శాస్త్రకారులను అడిగెను.

పిదప ఆయన మంగళవాడకు వచ్చెను. అది నేటి మహారాష్ట్రమున షోలాపురము జిల్లాలోని మంగళవేఢె. అచ్చట గణకుల నడుమ లెక్కలు వ్రాయు కొలువున చేరి, నైపుణ్యముచేతను నిజాయితీచేతను క్రమముగా రాజు భండారి యయ్యెను. బలదేవ దండనాయకుడు ఆయనకు మేనమామ. ఆయన కుమార్తె గంగాంబ బసవేశ్వరుని సహధర్మచారిణి యయ్యెను.

ఆ రాజు కలచురి వంశీయుడైన బిజ్జలుడు. కల్యాణి చాళుక్యులకు సామంతుడుగా నుండి, మూడవ తైలపుని బలహీనతను కనిపెట్టి, క్రమక్రమముగా రాజ్యమును తన వశము చేసికొని, 1162 నాటికి చక్రవర్తి బిరుదములను ధరించెను. నిజమునకు బిజ్జలుడును అధికారమును ధిక్కరించినవాడే. తన ప్రభువునకు ఎదురు నిలిచి గెలిచినవాడే. కాని ఆ గెలుపువలన రైతునకు గాని, చెప్పులు కుట్టువానికి గాని, దూరముగా నిలువుమని త్రోసివేయబడిన అంత్యజునకు గాని ఒరిగినదేమియు లేదు. సింహాసనముపై కూర్చున్న మనుష్యుడు మారెను. దానిక్రింది మెట్లన్నియు పూర్వమువలెనే యుండెను. ఆ మెట్ల మాట ఎత్తినవాడు అతని భండారి.

భండారి పదవిలో నున్నవాడు లోకాచారమును ప్రశ్నించినచో శత్రువులకు కొదవ యుండదు. రాజధనమును జంగమార్చనకు ధారపోయుచున్నాడని కొండెములు బిజ్జలుని చెవిని బడెను. రాజు ధనాగారమును పరీక్షింప నిశ్చయించెను. బసవేశ్వరుడు కోపింపలేదు, తనవంటి భక్తుని అనుమానింతురా యని నొచ్చుకొనలేదు. పేటికలు తెరిపించి, కవిలెలు ముందుంచి, లెక్క చూచుకొమ్మనెను. ఒక్క కాసైనను తక్కువ రాలేదని పురాణము చెప్పుచున్నది. భక్తులు దీనిని సంగమేశ్వరుని మహిమగా పాడుకొందురు. మహిమ యట్లుండగా, ఇందులోని లోకధర్మమును గూడ విడువరాదు. ఊరివారి పద్దులు అడుగువాడు తన పద్దు చూపుటకు సిద్ధముగా నుండవలెను. అధికారమును ప్రశ్నించువాని చేతులు శుభ్రముగా లేనిచో, వానితోపాటు ఆ ప్రశ్నయు నవ్వులపాలగును.

రెండవ కొండెము ఇంతకంటె తీవ్రమైనది. అంత్యజకులమున పుట్టిన శివనాగుమయ్య యను భక్తునితో బసవేశ్వరుడు పొత్తు కలిసినాడనియు, అట్టివాడు రాజమందిరమున తిరుగుటచే అందరును మైలపడుదురనియు బ్రాహ్మణులు రాజునొద్ద మొరపెట్టుకొనిరి. సోమనాథుడు ఈ వృత్తాంతమును విపులముగా చెప్పినాడు. బసవేశ్వరుడు తప్పైనదని ఒప్పుకొనలేదు, దాచుకొనలేదు. శివనాగుమయ్యను వెంటబెట్టుకొనియే సభకు వచ్చి, భక్తునియందు కులమును వెదకుట యెట్టి ధర్మమని నిండుసభలో నిలిచి వాదించెను.

కల్యాణనగరమున ఆయన చేసిన పని ప్రశ్నతోనే ఆగిపోలేదు. దేవాలయపు గడప దాటుటకు అర్హత లేనివారికి ఇష్టలింగము నొసగి, అరచేతినే పూజాస్థానముగా చేసెను. ఏ వృత్తియైనను శుద్ధమనస్సుతో చేసినచో అదియే పూజ యను కాయకతత్త్వమును, సంపాదించినది తనకు చాలినంత ఉంచుకొని తక్కినది సమాజమునకు సమర్పింపవలెనను దాసోహమును నిలిపెను. సంస్కృతము నెఱుగనివారికిని అందునట్లు కన్నడ భాషలో వచనములు వెలువడెను. అనుభవమంటపమని ప్రసిద్ధి చెందిన గోష్ఠిలో చాకలి మాచయ్య, పడవ నడపు చౌడయ్య, త్రాళ్లు పేను చందయ్య, బుట్టలు అల్లు కేతయ్య, తోళ్లు పదును చేయు కక్కయ్య మొదలగువారు తాత్త్విక చర్చ చేసిరి. ముప్పదిమందికి పైగా స్త్రీలు వచనములు చెప్పిరి. ఆ కాలమున స్త్రీ నోరు విప్పి తత్త్వము మాటలాడుటయే ఒక పెద్ద ప్రశ్న.

ఆ గోష్ఠికి అధ్యక్షపీఠమున కూర్చున్నవాడు బసవేశ్వరుడు గాడు, అల్లమప్రభువు. ధనము, పదవి, పలుకుబడి అన్నియు బసవేశ్వరునివి. అయినను పీఠము మరియొకరికి విడిచెను. అంతకుముందు అల్లమప్రభువు మొదటిసారి ఆయన ఇంటికి వచ్చిన సందర్భమును శూన్యసంపాదన గ్రంథములు వర్ణించుచున్నవి. ప్రభువు సిద్ధరామునితో గూడి గుమ్మమునొద్ద నిలిచెను. ఆ సమయమున బసవేశ్వరుడు లింగపూజయందు మునిగి యుండెను. అతిథిని లోనికి తోడ్కొని రమ్మని పరిచారకుడైన అప్పన్నను పంపెనే గాని తాను లేచి రాలేదు. ప్రభువు లోనికి రాక వెలుపలనే నిలిచి, ఇదియేమి భక్తి యని తప్పుపట్టెను. మేనల్లుడైన చెన్నబసవన్న, వయస్సున చిన్నవాడయ్యును, జంగమము వాకిట నిలిచియుండగా లింగమును పూజించుట పొరపాటని మేనమామను మందలించెను. బసవేశ్వరుడు వెంటనే లేచి వచ్చి ప్రభువు పాదములపై బడెను. ఒక పసివాని మాటకు ఒక మంత్రి పూజ విడిచి లేచినాడు.

మరియొక కథ ఆయ్దక్కి మారయ్య దంపతులది. బసవేశ్వరుని వాకిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడు అతడు వాడుకకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. భార్య లక్కమ్మ ఆ మూటను చూచి సంతోషింపలేదు. మనకు చాలినదానికంటె ఎక్కువ తెచ్చుట ఆశ గాదా యని భర్తను నిలదీసి, అధికమైనదానిని తిరిగి అచ్చటనే పోసి రమ్మని పంపెను. ఆ మాట మారయ్యకు మాత్రమే తగులునది గాదు. దానమిచ్చు ధనవంతుని వాకిటికిని తగులును. గింజలేరి బ్రతుకు బీద యిల్లాలు కల్యాణపు భండారికి మర్యాద నేర్పగలుగుట, ఆమెను శరణులు గౌరవముతో స్మరించుట, ఆ సమాజము ఎట్టిదో చెప్పుచున్నవి. రాజును ప్రశ్నించిన సంఘములు చరిత్రలో కలవు. తమ నాయకుని ప్రశ్నించుటకు బీదలకును స్త్రీలకును చోటిచ్చినవి అరుదు.

ఇంతవరకు లాభమును గూర్చిన మాట. ఇక నష్టమును గూర్చియు చెప్పక తప్పదు. చర్మకారకులమున పుట్టిన హరళయ్యయు, బ్రాహ్మణకులమున పుట్టిన మధువయ్యయు శరణులైరి. మధువయ్య కుమార్తెను హరళయ్య కుమారునకిచ్చి వివాహము చేసిరని కన్నడదేశపు సంప్రదాయము. కులభేదము లేదని గోష్ఠిలో చెప్పినంతకాలము అధికారులు ఓర్చుకొనిరి. ఆ మాట పెండ్లిపందిరిలోనికి రాగానే ఓర్పు నశించెను. పురోహితవర్గము రాజును ఒత్తిడి చేసెను. బిజ్జలుడు ఇద్దరి కన్నులను తీయించెను. వారిని ఏనుగు కాలికి కట్టి ఈడ్పించెనని చెప్పుదురు. ఏ నేరమును లేని ఇద్దరు గృహస్థులు తమ బిడ్డలకు పెండ్లి చేసినందుకు పొందిన శిక్ష ఇది. బసవేశ్వరుడు కల్యాణమును విడిచి కూడలసంగమమునకు పోయి అచ్చటనే లింగైక్యమయ్యెను.

తరువాత నగరమున కల్లోలము చెలరేగెను. జగదేవుడు మొదలగువారు బిజ్జలుని వధించిరని బసవపురాణము చెప్పుచున్నది. శాసనములను బట్టి బిజ్జలుని పాలన 1167 ప్రాంతమున ముగిసి, కుమారుడు సోవిదేవుడు రాజ్యమునకు వచ్చెను. శరణులు దిక్కులకు చెదరిపోయిరి. చెన్నబసవన్న కొందరితో గూడి, వచనముల ప్రతులను కాపాడుకొనుచు, పడమటి కొండలలోని ఉళవికి చేరెను. 1184 ప్రాంతమున నాల్గవ సోమేశ్వరుడు చాళుక్యరాజ్యమును తిరిగి నిలిపెను. అదియు చిరకాలము నిలువక దేవగిరి యాదవులకును హొయసలులకును వశమయ్యెను.

ఇన్ని ప్రాణములు పోయినపుడు, ఇన్ని కుటుంబములు చెదరినపుడు, అడుగకుండిన బాగుండెడిదేమో యను మాట నేటికిని వినబడుచుండును. ఆ మాటను తేలికగా త్రోసివేయరాదు. కాని రక్తము ఎచ్చట మొదలైనదో చూడవలెను. అనుభవమంటపమున ఏ చర్చకును ఎవ్వరి ప్రాణమును పోలేదు. సమాధానము చెప్పలేని ప్రభుత్వము దండనమునకు పూనుకొన్ననాడు రక్తము మొదలయ్యెను. దానికి బదులుగా కత్తి లేచినపుడు అది రెట్టింపయ్యెను. రాజును చంపుటచే హరళయ్య మధువయ్యల కన్నులు తిరిగి రాలేదు. కులము ఒక్క అంగుళమైనను కదలలేదు. శరణుల గోష్ఠి మాత్రము మూతబడెను. కల్యాణపు కథనుండి రాజులు నేర్వవలసినది ఒకటి, ప్రశ్నించువారు నేర్వవలసినది ఒకటి కలవు. ప్రశ్నను అణచినవాడు దానికంటె భయంకరమైనదానిని ఆహ్వానించును. ప్రశ్నను విడిచి కత్తి పట్టినవాడు తన ప్రశ్నను తానే చంపుకొనును.

అయినను ఆ ప్రశ్న కల్యాణముతో అంతము కాలేదు. అది తెలుగునాటికి వచ్చెను. నేటి తెలంగాణలోని పాలకుర్తి సోమనాథకవి స్వస్థలమని ప్రసిద్ధి. ఆయన బసవపురాణమును రచించుటకు పూనుకొన్ననాటికి, గద్యపద్యములు కలిసిన చంపూపద్ధతియే పండితులు మెచ్చు మార్గము. సంస్కృతపద భూయిష్ఠమైన శైలియే ప్రౌఢిమకు గుర్తు. సోమనాథుడు ఆ పెద్దరికమును అడిగినాడు. అందరికిని తెలియు జాను తెనుగు ఏల తక్కువ? స్త్రీలును పామరులును కూడి పాడుకొనదగిన ద్విపద కావ్యమునకు ఏల తగదు? అడిగి ఊరకుండక, వేల ద్విపదలతో మహాకావ్యము వ్రాసి చూపెను. చాకలిని, కుమ్మరిని, చెప్పులు కుట్టువానిని కావ్యనాయకులుగా నిలిపెను. ఆ తెలుగు కావ్యమును భీమకవి 1369లో కన్నడమునకు తెచ్చెను. కన్నడనాట పుట్టిన మహనీయుని చరిత్ర తెలుగున కావ్యమై, మరల కన్నడమునకు పోయినది. సాహిత్యమున అధికారమును ప్రశ్నించినందువలన తెలుగుభాషకు కలిగిన లాభమిది. తరువాతి కాలమున ద్విపదలో వెలసిన కావ్యములన్నియు ఈ త్రోవలోనివే.

వచనముల తాళపత్రములు శతాబ్దములపాటు మఠములలోను, గృహస్థుల యిండ్లలోను మూటలలో నుండెను. ఫ. గు. హళకట్టి (1880–1964) అను న్యాయవాది ఊరూరు తిరిగి వానిని సేకరించి, 1923లో వచనశాస్త్రసారమను సంపుటమును వెలువరించెను. పూజాగృహమున పసుపుకుంకుమలతో అలంకరింపబడిన కట్టలు విప్పబడి, చదువరుల చేతికి వచ్చెను. మూట విప్పినపుడు గదా, ఎనిమిదివందల యేండ్ల క్రిందటి ప్రశ్నలు ఇంకను ప్రాతబడలేదని లోకమునకు తెలిసినది! 2003లో పార్లమెంటు ప్రాంగణమున బసవేశ్వరుని విగ్రహము ప్రతిష్ఠింపబడెను. ప్రజలెన్నుకొన్న ప్రతినిధులు ప్రభుత్వమును లెక్క అడుగు చోట, తన లెక్కను తానే చూపిన భండారి నిలుచుట సముచితమే.

అయితే విగ్రహమును పూజించుట సులభము. విగ్రహము ఎదురు ప్రశ్న వేయదు. బసవేశ్వరుని చిత్రపటమునకు దండవేసిన యింటిలోనే, బిడ్డకు సంబంధము వెదకునపుడు ఉపశాఖలను విచారించు వాడుక నేటికిని పూర్తిగా తొలగలేదు. కులమును ప్రశ్నించిన మార్గమున క్రమముగా మరల కులములవంటివే పుట్టుట విచారకరమైన సత్యము. దీనికి బాధ్యత ప్రశ్నది గాదు. మొదటి తరము అడిగినది. తరువాతి తరములు అడుగుట మానినవి.

కావున అధికారమును ప్రశ్నించుటవలన సంఘమునకు మేలు కలుగునా యనినచో, కలుగునని బసవేశ్వరుని జీవితము చెప్పుచున్నది. దానితోపాటు ఆ మేలు ఎట్లు కలుగునో గూడ చూపుచున్నది. ఆయన ముందు తన లాభమును వదులుకొనెను. తన పద్దును బయటపెట్టెను. కాదన్నదానికి బదులుగా చేయదగినదానిని చేసి చూపెను. అన్నిటికంటె మిన్నగా, తన్ను అడుగువారికి తన యింటిలోనే పీఠము వేసెను. ఇవి లేని ప్రశ్న వట్టి కలహమగును. ఇవి గల ప్రశ్నను అణచివేయు సంఘము తన కన్నులను తానే తీయించుకొనును.

ఏ మఠమునందైనను, ఏ యింటనైనను, ఒక బాలికయో బాలుడో పెద్దల ముందు నిలిచి, ఇది ఇట్లేల యుండవలెనని అడిగినపుడు, నోరు మూయించుటకు ముందు చెన్నబసవన్నను ఒకసారి తలచుకొనవలెను. ఆ పసివాని మాట విని బసవేశ్వరుడు పూజనుండి లేచెను; గుమ్మమునొద్దకు నడచెను; నిలిచియున్నవానిని లోనికి పిలిచెను.